మీ ఇంట్లో పుట్టిన మాటలు చెప్పండి: పిల్లల కథలు, లేని జంతువులు, ఎర్ర సిరా

నాగావళి ఒడ్డున (శ్రీకాకుళం) · శనివారం రాత్రి 9:52

అందరికీ నమస్కారం. మావాడు రెండో తరగతి. రాత్రి కథ చెప్పకపోతే పడుకోడు. నాకు తెలిసిన కథలన్నీ ఎప్పుడో అయిపోయాయి, ఏడాది నుంచి నేనే కల్పించి చెబుతున్నాను. ఒక రోజు కళ్ళు మూతలు పడుతున్నా పడుకోనని మొండికేస్తుంటే "అదిగో, నిద్రాక్షసుడు వచ్చి నీ రెప్పల మీద కూర్చున్నాడు" అన్నాను. ఆలోచించి అన్నది కాదు, నిద్ర, రాక్షసుడు రెండూ కలిసిపోయి నోట్లోంచి అలా వచ్చేసింది. వాడు గభాల్న లేచి కూర్చున్నాడు. ఎంత బరువుంటాడు, ఒక్కో రెప్ప మీద ఒక్కో కాలు పెడతాడా, చెల్లివి చిన్న రెప్పలు కదా అక్కడికి వాళ్ళబ్బాయిని పంపిస్తాడా, ఇలా అరగంట. ఆ ఒక్క మాట నుంచి మూడు నెలలు కథలు నడిచాయి. నిద్రాక్షసుడికి ఇప్పుడు పెళ్ళాం ఉంది, ఊరుంది, కొబ్బరితోట కూడా ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. బడిలో "మా ఇల్లు" గురించి పది వాక్యాలు రాయమన్నారు. వాడు రాసినవాటిలో రెండు ఇవి: "మా మామ్మ పొద్దున్నే చోడంబలి తాగుతుంది. రాత్రి మా ఇంటికి నిద్రాక్షసుడు వస్తాడు." చోడంబలి చుట్టూ ఎర్ర సిరాతో సున్నా, నిద్రాక్షసుడి చుట్టూ ఎర్ర సిరాతో సున్నా. రెండింటి పక్కనా ఒకే మాట, "ఇలాంటి పదం లేదు".

నిద్రాక్షసుడు సరే, నేను పుట్టించినవాడే. చోడంబలి మా అత్తగారు ఊహ తెలిసినప్పటి నుంచి తాగుతున్నది. చోళ్ళంటే రాగులని మన వైపు ఎవరిని అడిగినా చెబుతారు. వాడు పుస్తకం నా ముందు పెట్టి "అమ్మా, అయితే మామ్మ తాగేది ఏటి?" అని అడిగాడు. నాకు ఏం చెప్పాలో తోచలేదు.

రెండు అడుగుతున్నాను. ఇలా లేని మాటలు కల్పించి చెబితే పిల్లలకి భాష పాడవుతుందా? ఇంకోటి, మీ ఇళ్ళల్లో పుట్టిన మాటలు ఉంటే చెప్పండి, మావాడికి వినిపిస్తాను.

రాజాం కుర్రాడు · శనివారం రాత్రి 10:20

అక్కా, పాడవడం మాట అటుంచండి. తెలుగు సినిమాల్లో మాటలు పుట్టించడం అంటే అందరికీ ముందు గుర్తొచ్చే మనిషి మా రాజాంలోనే పుట్టాడు. పింగళి నాగేంద్రరావు, 1901 డిసెంబరు 29. పెరిగింది బందరు వైపు అనుకోండి, అయినా పుట్టింది ఇక్కడే. రాజాం 2022 దాకా శ్రీకాకుళం జిల్లా, ఆ తర్వాత విజయనగరం జిల్లా, కాబట్టి ఈ గ్రూపులో రెండు జిల్లాల వాళ్ళూ ఆయన మావాడే అనుకోవచ్చు.

1957లో వచ్చిన మాయాబజార్‌కి మాటలూ పాటలూ ఆయనవే. మీవాడి పుస్తకంలో జరిగిందే అందులోనూ జరుగుతుంది, కాకపోతే తీర్పు వేరు. అక్కడా పాఠమే. గురువు దుష్టచతుష్టయం అనమంటే రాక్షస శిష్యుల నోరు తిరగదు, దుషటచతుషటయం అంటారు. అస్మదీయులు అంటే మనవాళ్ళు, సంస్కృతం మాట, అది వాళ్ళ నోట్లో అసమదీయులు అవుతుంది. మరి మనవాళ్ళు కానివాళ్ళని ఏమనాలి? తసమదీయులు. అలాంటి మాట సంస్కృతంలో లేదు, ఏ పండితుడైనా ఎర్ర సున్నా చుట్టేస్తాడు. ఘటోత్కచుడు మాత్రం ఎవరో ఒకరు పుట్టించకపోతే మాటలెలా పుడతాయని అడిగి, ఆ శిష్యుడికి వీరతాడు వేయిస్తాడు. ఇవాళ్టికీ పేపర్లో రాజకీయ వార్తల్లో అస్మదీయులు, తస్మదీయులు అని రాస్తూనే ఉన్నారు, చదివేవాళ్ళకి అర్థమవుతూనే ఉంది. లేని మాట ఉన్న మాట అయిపోయింది. మీవాడికి నా తరఫున ఒక వీరతాడు.

అయ్యకోనేరు మాస్టారు (విజయనగరం) · ఆదివారం ఉదయం 6:15

అమ్మా, నేను ముప్ఫై రెండేళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. చోడంబలి మీద ఎర్ర సిరా పడడం తప్పు, అందులో రెండో మాట లేదు. చోడి, అంబలి రెండూ ఉన్న మాటలే, కలిపితే పుట్టినదీ ఉన్న మాటే. మన ప్రాంతం పిల్లలు ఇంట్లో మాట బడిలో రాస్తే తప్పయిపోవడం నేను సర్వీసంతా చూశాను. కొన్నాళ్ళకి ఆ పిల్లవాడు ఇంటి మాట ఇంట్లోనే వదిలేసి వస్తాడు, ఆ తర్వాత అసలు రాయడమే తగ్గిస్తాడు.

అయితే కల్పించిన మాటల విషయంలో నాకు ఒక అభ్యంతరం ఉంది, నిష్ఠూరంగా అనిపించినా చెబుతాను. తసమదీయులు వింటే నవ్వు రావాలంటే అస్మదీయులు తెలిసి ఉండాలి. మీవాడు నిద్రాక్షసుడు అనగానే లేచి కూర్చున్నాడంటే నిద్ర తెలుసు, రాక్షసుడు తెలుసు కాబట్టి. ఆ రెండూ తెలియని పిల్లవాడికి అది ఉత్త శబ్దం. మన శ్రీశ్రీ లిమరిక్కులు రాసి వాటికి లిమఋక్కులు అని పేరు పెట్టాడు. లిమరిక్కులో రిక్కుని తీసి వేదంలోని ఋక్కుని కూర్చోబెట్టాడు. ఎంత చిన్న మార్పు, ఎంత పెద్ద గడుసుతనం! అది చేయాలంటే రెండు ఒడ్లూ తెలియాలి. నా చివరి సంవత్సరాల్లో పిల్లలకి కాడి, మేడి, ములుగర్ర అంటే తెలియదు, చుట్టూ పొలాలున్న బళ్ళోనే. ముందు ఉన్న మాటలు కడుపునిండా పెట్టండి, లేనివి అవే పుట్టుకొస్తాయి.

ఖరగ్‌పూర్ బాబాయ్ · ఆదివారం ఉదయం 8:40

మాస్టారికి నమస్కారం. మా నాన్నగారు రైల్వేలో, నేను పుట్టి పెరిగిందంతా ఖరగ్‌పూర్ (అక్కడ మన ఉత్తరాంధ్ర వాళ్ళు ఎంతమందో చెప్పక్కర్లేదు), రిటైరయ్యాక బొబ్బిలి వచ్చాం. చిన్నప్పుడు బెంగాలీ బళ్ళో నాకు దొరికిన పుస్తకం సుకుమార్ రాయ్ రాసిన ఆబోల్ తాబోల్, 1923లో వచ్చింది. సత్యజిత్ రాయ్ వాళ్ళ నాన్నగారు. పాపం పుస్తకం అచ్చయి వచ్చేసరికి ఆయన లేరు, కొద్ది రోజుల ముందే పోయారు. అందులో ఒక పద్యంలో జంతువులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. హాఁస్ అంటే బాతు, సజారు అంటే ముళ్ళపంది. రెండూ కలిసి హాఁసజారు. మధ్యలో స ఒకటే, రెండింటికీ సొంతం, దాన్ని పట్టుకుని రెండు జంతువులూ అతుక్కున్నాయి. కింద బొమ్మ కూడా ఆయనే గీశారు. ఎనిమిదేళ్ళ వయసులో ఆ పేజీ ఎన్నిసార్లు తిప్పానో.

అందులో ఆయన బ్రాకెట్లో ఒక మాట అంటాడు, వ్యాకరణాన్ని లెక్క చేయను అని. నాకు పెద్దయ్యాక, తెలుగు రాయడం చదవడం సొంతంగా నేర్చుకున్నాక, ఒక సంగతి తట్టింది. బెంగాలీలో ఆయన వ్యాకరణాన్ని పక్కన పెట్టి చేసిన పని మనకి వ్యాకరణమే చేసి పెడుతుంది! అదే సంధి. చీమ, ఏనుగు కలిపితే చీమేనుగు. మేక, ఎలుక కలిపితే మేకెలుక. పిల్లి, ఏనుగు కలిపితే పిల్లేనుగు. నవ్వు, ఉల్లిపాయ కలిపితే నవ్వుల్లిపాయ. ఈ చివరిది మా మనవరాలికి తెగ నచ్చింది. కోస్తే ఏడుపు రాదు, నవ్వు ఆగదు. వాళ్ళమ్మ వంటింట్లో ఉల్లిపాయలు కోస్తూ కళ్ళు తుడుచుకుంటుంటే ఇది పక్కన నిలబడి "అమ్మా, నవ్వుల్లిపాయ కొనుక్కోవాలి కదా, ఈసారి సంతలో అడుగు" అంటుంది. నిరుడు బొబ్బిలి సంతలో నిజంగానే ఉల్లిపాయలవాణ్ణి అడిగింది. ఆయన "రేపటి లారీకి వస్తాయమ్మా" అన్నాడు. ఆ మనిషికి నేను రుణపడి ఉన్నాను.

అయ్యకోనేరు మాస్టారు · ఆదివారం ఉదయం 9:05

బాబూ, నవ్వుల్లిపాయ నిక్షేపంలా ఉంది. ఉత్తుకి, అంటే మాట చివరి ఉ కి, అచ్చు పరమైతే సంధి అవుతుంది, వ్యాకరణం రాసిన చిన్నయసూరి కూడా కాదనలేడు. చీమేనుగు, మేకెలుక అత్వ సంధిలోకి వస్తాయి. పిల్లేనుగు దగ్గర మాత్రం ఆగాలి. ఇత్తుకి సంధి అన్ని మాటలకీ రాదు, ఏమి, మరి, అది, ఇది లాంటి ఏమ్యాదులకే చెప్పారు. పిల్లి ఆ జాబితాలో లేదు. కాబట్టి మధ్యలో యడాగమం, అంటే య, వచ్చి పిల్లియేనుగు కావాలి.

మీరు పిల్లేనుగు అని రాస్తే చదివేవాడు దాన్ని విడదీసి పిల్ల, ఏనుగు అనుకుంటాడు. అంటే ఏనుగు పిల్ల.

రాజాం కుర్రాడు · ఆదివారం ఉదయం 9:11

మాస్టారూ, అదే కదా మజా! ఒకే మాటలో రెండు జంతువులు దాక్కున్నాయి. కథలో ఊరివాళ్ళంతా పిల్లేనుగు తప్పిపోయిందని దండోరా వేస్తే సగంమంది ఏనుగు పిల్లని వెతుకుతూ అడవికి పోతారు, సగంమంది తొండం ఉన్న పిల్లిని వెతుకుతూ అటకలెక్కుతారు. సంధి విడదీయడం ఇలా నేర్పి ఉంటే నాకు పదో తరగతిలో టెన్షన్ ఉండేది కాదు.

అయ్యకోనేరు మాస్టారు · ఆదివారం ఉదయం 9:30

అది బాగుంది. ఇన్నేళ్ళలో నాకు తట్టలేదు. రామాలయం, దేవాలయం ఇచ్చి విడదీయమనేవాణ్ణి.

పలాస పిన్ని · ఆదివారం మధ్యాహ్నం 2:30

మాది ఉద్దానం. మా వైపు జీడితోటల్లోకి ఎలుగుబంట్లు వస్తాయి, చీకటి పడితే పెద్దవాళ్ళమే తోటవైపు వెళ్ళడానికి జంకుతాం. మా అమ్మాయి చిన్నప్పుడు ఎలుగుబంటి అని పేరు వింటేనే నా కొంగు పట్టుకునేది. దానికి మూడేళ్ళప్పుడు ఎ సరిగ్గా పలికేది కాదు, "అలుగుబంటి" అంది. మా ఆయన వెంటనే "అవునమ్మా, అది అలుగుబంటే, వాళ్ళమ్మ మీద అలిగి మన తోటలోకి వచ్చి కూర్చుంది" అన్నారు. అంతే. అలిగిన ఎలుగుబంటి! మూతి ముడుచుకుంటుంది, పిలిస్తే అటు తిరిగి కూర్చుంటుంది, అన్నం వద్దంటుంది, అందరూ నిద్రపోయాక లేచి జీడిమామిడి పళ్ళు తింటుంది. ఒక్క అక్షరం మారేసరికి పిల్లకి భయం సగం పోయింది. జాగ్రత్త మాత్రం పోనివ్వలేదు లెండి, అలిగినవాళ్ళ దగ్గరికి వెళ్ళకూడదని చెప్పాం. ఇప్పుడది ఇంటర్, ఇంట్లో ఎవరు మాట్లాడకుండా మంచమెక్కినా అలుగుబంటి అంటాం.

ఇంకో మాట ఉంది, అది సరదాగా పుట్టింది కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మా మీదే తీరం దాటింది. హిందీలో తిత్లీ అంటే సీతాకోకచిలుక. రాత్రంతా కొబ్బరిచెట్లు విరుగుతున్న చప్పుడు, తలుపుకి గడియ చాలక బియ్యం బస్తా అడ్డం పెట్టి దాని మీద మా మావగారు కూర్చున్నారు. తెల్లారి చూస్తే తోట లేదు. మా అత్తగారు గుమ్మంలో నిలబడి "ఒలమ్మా, సీతాకోకచిలుక ఇంత పని సేసిందేటి" అన్నారు. తర్వాత చాలా రోజులు కరెంటు లేదు. ఆ రోజుల్లో మా చిన్నాడు, అప్పటికి నాలుగేళ్ళు, ఏది కింద పడినా "తిత్లయిపోనాది" అనడం మొదలెట్టాడు. గ్లాసు తిత్లయిపోనాది, బొమ్మ తిత్లయిపోనాది. మొదట్లో నాకు వినడానికే కష్టంగా ఉండేది. ఒక రోజు మా మావగారి పంచె దండెం మీంచి జారి కోళ్ళ మీద పడితే వాడు "తాత పంచె తిత్లయిపోనాది" అన్నాడు, ఆయన నవ్వారు. తుపాను తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు. నలభై ఏళ్ళు పెంచిన చెట్లు ఆయనవి.

మాస్టారూ, మీరన్నది నిజమే, వాడికి తిత్లీ అంటే ఏమిటో పూర్తిగా తెలుసు కాబట్టే ఆ మాట పుట్టింది.

బొబ్బిలి వీణ · ఆదివారం సాయంత్రం 5:18

పిన్నిగారూ, మీ పోస్టు మా అమ్మకి చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను. నాకు చిన్నప్పటి నుంచి తీరని ప్రశ్న ఒకటి ఉంది, మాస్టారు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. పులి గిలి, పుస్తకం గిస్తకం, పాము గీము అంటాం కదా. మొదటి అక్షరం తీసేసి గి పెడతాం, అది దీర్ఘమైతే గీ పెడతాం. ఎవరూ నేర్పలేదు, అందరికీ వచ్చు. ఏ కొత్త మాట ఇచ్చినా దానికి జంటని ఒక్క క్షణంలో పుట్టించేస్తాం, కంప్యూటర్ గింప్యూటర్, ఛార్జర్ గీర్జర్. కన్నడం, తమిళంలో కూడా ఇలాగే గి తోనే ఉంటుందని మా హాస్టల్ స్నేహితులు చెప్పారు. అంటే మాటలు పుట్టించే మిషన్ పుట్టుకతోనే మన నోట్లో ఉంది. రాజాం అన్నయ్య చెప్పిన సినిమాలోనే కంబళి పక్కన గింబళి, తల్పం పక్కన గిల్పం ఉన్నాయి. కం తీసి గిం, త తీసి గి, సూత్రం ఎక్కడా తప్పలేదు. ఆయన గొప్పదనం ఏమిటంటే ఆ గింబళిని ఉత్త ఊతమాటగా వదిలేయకుండా నిజం వస్తువుని చేసేశాడు.

నా ప్రశ్న ఇది. గిన్నెకి జంట ఏమిటి? గి తీసి గి పెడితే మళ్ళీ గిన్నే వస్తుంది. గిలక? గిత్త? గీత? చిన్నప్పుడు మా నాన్నని అడిగితే "గిన్నె గిన్నె" అన్నారు, రెండోది కొంచెం గట్టిగా.

సిక్కోలు బాతు · ఆదివారం సాయంత్రం 6:02

నావి రెండు. మా పాపని తేలినీలాపురం పక్షుల్ని చూడ్డానికి తీసుకెళ్తే గూడబాతులు చింతచెట్ల పైన తెల్లగా గుంపుగా ఉన్నాయి, అది "నాన్నా, మబ్బాతులు" అంది. మబ్బు, బాతు. ఇంకోటి గుర్రుపిట్ట. బుర్రుపిట్ట తుర్రుమంటుంది కదా, గుర్రుపిట్ట మాత్రం ఎగరదు, కొమ్మ మీదే గుర్రుపెట్టి పడుకుంటుంది. ఇది మా తాతకి పెట్టిన పేరు.

ఆమదాలవలస ప్యాసింజర్ · ఆదివారం రాత్రి 10:47

నేను ఇంగ్లిష్ పిల్లల పుస్తకాలు తెలుగు చేస్తుంటాను, బతుకుతెరువు వేరే, ఇది ఇష్టం కొద్దీ. ఈ థ్రెడ్ మొదటి నుంచీ చదివాను, నిద్ర పట్టలేదు, అందుకని కొంచెం పెద్దగా రాస్తున్నాను.

లూయిస్ కారోల్ అని అందరూ అనే ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో లెక్కల మాస్టారు. ఆలిస్ అనే చిన్నపిల్ల మీద ఆయన రాసిన రెండో పుస్తకం 1871లో వచ్చింది, అందులో జాబర్‌వాకీ అని ఒక పద్యం, బోలెడన్ని లేని మాటలు. ఒక పాత్ర ఆలిస్‌కి వాటి అర్థాలు చెబుతుంది. స్లైదీ అంటే లైద్, స్లైమీ రెండూ కలిసినది, అంటే ఒళ్ళు చురుగ్గా వంగేదీ, జిగటగా ఉండేదీ. రెండు అరలున్న పెట్టెని పోర్ట్‌మాంటో అనేవాళ్ళు, ఈ మాటలు అలాంటివంటాడు, మూసేస్తే ఒకటి, తెరిస్తే రెండు. ఆ పద్యంలో పుట్టిన చార్టల్ అన్న మాట ఇప్పుడు ఇంగ్లిష్ డిక్షనరీలో మామూలు మాట, ముసిముసిగా నవ్వడం, ముక్కుతో బుస్సుమనడం రెండూ కలిసిన నవ్వు.

స్లైదీ దగ్గర నేను పదకొండు రోజులు ఆగిపోయాను. అలాగే తెలుగు లిపిలో రాసేస్తే మన పిల్లవాడి చెవికి ఏమీ తగలదు, వాడికి అది రాయి. అర్థం విడమరిచి "జిగటగా, చురుగ్గా" అని రాస్తే పెట్టె పగలగొట్టి సామాను బయట పరిచినట్టు ఉంటుంది. కాగితం మీద జిగట, నాజూకు, వంపు, పాకుడు, జారుడు అన్నీ రాసుకుని నోటితో కలుపుతూ ఉన్నాను. జిగనాజు, నాజిగట, పాజారు. చివరికి జిగజూకు దగ్గర ఆగాను. మా మేనల్లుడికి "జిగజూకు బల్లులు" అని చదివితే వాడు వేళ్ళు రెండూ రుద్దుకుని "యాక్" అన్నాడు. ఎవరూ అర్థం చెప్పలేదు, వేళ్ళకి తెలిసిపోయింది. ఆ రాత్రి ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

మాస్టారి మాటకి ఇంకో వైపు కూడా చెప్పాలి. తెలిసిన మాటల మీదే కొత్త మాట నిలబడుతుంది, ఒప్పుకుంటాను. కానీ మాటల కంటే ముందు శబ్దం ఉంది. జ, గ, జ అనగానే తడిగా, మెరుస్తూ, జారుతూ అనిపించడం మనం ఎక్కడ నేర్చుకున్నాం? జిగేల్, జిగి, జిడ్డు, జిగురు, జారు. తెలుగులో ఇవన్నీ చుట్టాల్లా ఒకే వీధిలో ఉంటాయి. మా ఊళ్ళో వానాకాలం మా మేనకోడలు తడిసి వచ్చి గచ్చు మీద నడుస్తుంటే వాళ్ళ తమ్ముడు "అక్క తడపతడప వస్తంది" అన్నాడు. టపటప అందామనుకున్నాడో, తడి అందామనుకున్నాడో, రెండూ కలిశాయి. మీరు ఒకసారి పైకి అని చూడండి, తడపతడప. పావడా అంచు నీళ్ళు కారుతూ కనిపిస్తుంది.

ఇంకొక్కటి చెప్పి ఆపుతాను. రోల్డ్ డాల్ రాసిన, 1982లో వచ్చిన బీఎఫ్‌జీ అనే పిల్లల నవలలో మంచి రాక్షసుడికి మాటలన్నీ తికమక. వాడు తినే పాడు దోసకాయ లాంటి దాని పేరు స్నాజ్‌కంబర్. ఎందుకలా మాట్లాడతావంటే రాక్షసుల దేశంలో బళ్ళు లేవంటాడు. అక్కడ బళ్ళు లేక మాటలు పుట్టాయి, మాయాబజార్‌లో బళ్ళోనే నోరు తిరగక పుట్టాయి. రెండు చోట్లా రాక్షసులే, రెండు చోట్లా తప్పులోంచే. అక్కా, మీ నిద్రాక్షసుడు మంచి వంశంలోనే పుట్టాడు.

వంశధార · సోమవారం ఉదయం 7:20

అందరూ కలిపిన మాటల గురించే చెబుతున్నారు, అసలు అర్థమే లేనివాటి సంగతేంటి? దాగుడుమూతలు దండాకోర్, పిల్లీ వచ్చే ఎలుకా భద్రం. దండాకోర్ అంటే ఏమిటి? కాళ్ళాగజ్జా కంకాళమ్మా, వేగుచుక్కా వెలగ మొగ్గా. ఇందులో కంకాళమ్మ ఎవరో ఈ మధ్య వాట్సాప్‌లో తిరుగుతోంది, అదంతా గజ్జికి మందు చీటీ అట, ఒక్కో పాదం ఒక్కో మూలిక అట. కావచ్చు, కాకపోవచ్చు. నాకు మాత్రం అది చదివాక ఏదో పోయినట్టు అనిపించింది. చిన్నప్పుడు కాళ్ళు చాపుకుని వరసగా కూర్చుంటే మా నాయనమ్మ చెయ్యి ఒక్కో కాలి మీదా పడుతూ వచ్చేది, ఎవరి కాలి దగ్గర ఆగుతుందో అని గుండె కొట్టుకునేది. కంకాళమ్మ అంటే నాకు ఆ చెయ్యి. అర్థం అడిగి ఉంటే ఆట ఆగిపోయేది.

ఇంకా క భాష! ప్రతి అక్షరం ముందూ క. నువ్వు రా అంటే కనుకవ్వు కరా. మా పెద్దనాన్న కూతుళ్ళు ముగ్గురూ రైలు స్పీడులో మాట్లాడుకునేవాళ్ళు, నాకు వచ్చేది కాదు, వేసవి సెలవులన్నీ వాళ్ళ వెనకే తిరిగి నేర్చుకున్నాను. నేర్చుకున్నాక తెలిసింది వాళ్ళు మాట్లాడుకునేది మామిడికాయలకి ఉప్పూకారం ఎవరు తేవాలన్న దాని గురించి.

అయ్యకోనేరు మాస్టారు · సోమవారం ఉదయం 7:55

వంశధారగారూ, మీరు చెప్పినదానికి నా దగ్గర జవాబు లేదు. దాగుడుమూతలు నేనూ ఆడాను, దండాకోర్ అర్థం ఎప్పుడూ వెతకలేదు. ఆమదాలవలస బాబు శబ్దం గురించి అన్నది కూడా ఆలోచించాలి, మధ్యాహ్నం నుంచి జ తో మొదలయ్యే మాటలు రాసుకుంటాను. నా అభిప్రాయం మారిందని మాత్రం అనుకోకండి. తడపతడప అన్న పిల్లవాడికి తడి, టపటప రెండూ ముందే ఉన్నాయి. ఉన్న మాటల్ని కాపాడకుండా లేనివాటికి వీరతాళ్ళు వేస్తే కొన్నాళ్ళకి చోడంబలి కూడా కథలో మాట అయిపోతుంది.

గిన్నె గురించి: నాకు తెలిసినంతలో గి తో మొదలయ్యే మాటని మనం ఆ వాక్యంలోకే రానివ్వం. గిన్నె అని మొదలెట్టినవాళ్ళు గిన్నెలూ చెంబులూ అని దారి మళ్ళిస్తారు. వినండి, మీకే తెలుస్తుంది.

బొబ్బిలి వీణ · సోమవారం ఉదయం 8:03

మాస్టారూ!! ఇప్పుడే మా అమ్మ వంటింట్లోంచి "గిన్నెలూ గరిటెలూ కడిగి పెట్టు" అంది. నిజం.

నాగావళి ఒడ్డున · మంగళవారం రాత్రి 9:15

రెండు రోజులుగా రాయడం కుదరలేదు. మీ మాటలన్నీ మావాడికి వినిపించాను. నిన్న రాత్రి కథలో అలుగుబంటి నిద్రాక్షసుడి కొబ్బరితోటలోకి వచ్చి కూర్చుంది, ఎంత బతిమాలినా అటు తిరిగే కూర్చుంది, చివరికి పిల్లేనుగు తొండంతో నవ్వుల్లిపాయ తెచ్చి దాని ముక్కు దగ్గర కోసింది. పలాస పిన్నిగారూ, తిత్లయిపోనాది వాడికి చెప్పేటప్పుడు తుపాను సంగతి కూడా చెప్పాను. కొబ్బరిచెట్లు మళ్ళీ కాయడానికి ఎన్నేళ్ళు పడుతుందని అడిగాడు.

గిన్నె ప్రశ్న కూడా అడిగాను. "దానికి జంట లేదు కదా, సెంచా ఇచ్చీ" అన్నాడు.

సోమవారం బడికి వెళ్ళాను. కొట్లాడడానికి కాదు. టీచరమ్మది వేరే జిల్లా, ఇక్కడికి వచ్చి ఏడాది కాలేదు, చోళ్ళు అన్న మాట ఎప్పుడూ వినలేదట. మా అత్తగారు చిన్న స్టీలు డబ్బాలో చోడంబలి పోసి, నంజుకోవడానికి ఉల్లిపాయ, ఉప్పు మిరపకాయ పెట్టి పంపారు. ఆవిడ స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని తాగారు. "ఇది మా వైపు రాగి జావ కదండీ, కొంచెం పులుపు ఎక్కువ" అన్నారు. పులిసిన కాచుడు నీళ్ళు కలుపుతారని చెప్పాను. పుస్తకం తెప్పించి చోడంబలి చుట్టూ ఉన్న సున్నా కొట్టేసి పక్కన సరి అని పెట్టారు, పిల్లలందరినీ ఇంట్లో పెద్దవాళ్ళు తినే వాటి పేర్లు రాసుకు రమ్మంటానన్నారు.

నిద్రాక్షసుడి సున్నా దగ్గర ఆవిడ పెన్ను కాసేపు ఆగింది. "ఇది మాత్రం లేదు కదండీ" అన్నారు. లేదనే ఒప్పుకున్నాను, అలాగే ఉంచేశారు. ఇంటికొచ్చాక చూస్తే మావాడు ఆ ఎర్ర సున్నాకి రెండు కొమ్ములు పెట్టాడు, మూతలు పడిన రెండు కళ్ళు గీశాడు, నోరు తెరిచి ఆవలిస్తున్నట్టు. కింద చిన్న సున్నా ఇంకోటి వాడే ఎర్ర స్కెచ్‌తో చుట్టాడు. అది వాళ్ళబ్బాయట, చెల్లి రెప్పల కోసం.